అబద్ధమాడొచ్చు, అబద్ధమనకూడదు

నోటిదాకా వచ్చిన మాటను పళ్ల బిగువున ఆపేసి, నాలుక కొరుక్కుని కూర్చోవడం ఇంగ్లీషువాళ్ల లెక్కలో పెద్దమనిషి తరహా. వాళ్ల భాషలో ఈ జాతీయానికి వయసు కూడా బాగానే ఉంది. షేక్‌స్పియర్ రాసిన ఆరో హెన్రీ నాటకం రెండో భాగంలో, ఫ్రాన్సులోని భూములు పరుల పాలవుతుంటే లోపల మండిపోతూ యార్క్ ప్రభువు చేసే పని ఇదే. అయితే ఆ ప్రభువు ఊరుకున్నది సంస్కారం కొద్దీ కాదు, అదను కోసం. అదను చిక్కగానే సైన్యాన్ని వెంటేసుకుని రాజు మీదికే వెళ్లాడు. నాలుక కొరుక్కోవడం గొప్ప గుణమని లోకానికి పాఠాలు చెప్పేవాళ్లు నాటకాన్ని చివరిదాకా చదివినట్టు లేరు.

ఆ గుణాన్ని నిబంధనగా మార్చి, తప్పినవాళ్లను బయటికి పంపే చోటు లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉంది. దాని పేరు హౌస్ ఆఫ్ కామన్స్. 650 మంది సభ్యులున్న ఆ సభలో ఒక మంత్రి లేచి నిజం కాని మాట చెప్పాడనుకుందాం. సభ్యులందరికీ అది నిజం కాదని తెలుసు. గ్యాలరీలో కూర్చున్న విలేఖరులకు తెలుసు. టీవీ చూస్తున్న జనానికీ తెలుసు. ఆ సంగతి పైకి చెప్పకూడనిది మాత్రం సభలోనే. ‘మీరు అబద్ధం చెప్పారు’ అని ఎవరైనా లేచి అంటే, ఆ మాట ఉపసంహరించుకోమని స్పీకర్ అడుగుతారు. ఒప్పుకోకపోతే ఆ రోజుకు బయటికి నడవాల్సిందే. అబద్ధం చెప్పిన మంత్రిగారు మాత్రం పచ్చ తోలు బెంచీ మీద హాయిగా కూర్చునే ఉంటారు.

దీన్నే వాళ్లు సభా మర్యాద అంటారు.

ఆ మర్యాదకు పెద్ద గ్రంథమే ఉంది. థామస్ ఎర్‌స్కిన్ మే అనే అధికారి 1844లో తొలిసారి అచ్చువేసిన పార్లమెంటరీ పద్ధతుల పుస్తకం ఇప్పటికీ కొత్త కూర్పులు పొందుతూ కామన్స్ సభకు ధర్మశాస్త్రంలా చెలామణి అవుతోంది. సభలో ఎవరూ ఎవరినీ ‘నువ్వు’ అనకూడదు, ‘మీరు’ అని కూడా అనకూడదు. ‘గౌరవ సభ్యుడు’ అనాలి. రాచరికపు సలహా మండలి ప్రీవీ కౌన్సిల్‌లో ఉన్నవాళ్లయితే ‘మహా గౌరవనీయులు’. పెద్ద న్యాయవాదులకు ‘విద్వాంసులు’ అనీ, సైన్యంలో పనిచేసినవాళ్లకు ‘శూరులు’ అనీ తోకలు తగిలించే అలవాటు చాలాకాలం నడిచింది. ఏళ్ల తరబడి స్పీకర్లు అభ్యంతరం చెప్పిన మాటల జాబితా చూస్తే సభ లోపలి వాతావరణం ఇంకాస్త బాగా అర్థమవుతుంది: నీచుడు, పిరికిపంద, రౌడీ, ఎలుక, పంది, చాడీకోరు, ద్రోహి. అంటే ఇన్నేళ్లలో ఎవరో ఒకరికి ఎదుటి ‘గౌరవ సభ్యుడు’ ఎలుకలాగా, ఇంకెవరికో పందిలాగా కనిపించారన్నమాట. కనిపించినందుకు శిక్ష లేదు. చెప్పినందుకే.

ఇంత కట్టడి ఉన్నచోట మాటల కార్ఖానా ఒకటి మొలవక తప్పదు. 1906లో, ఇంకా కుర్రవాడైన విన్‌స్టన్ చర్చిల్ వలస రాజ్యాల శాఖలో సహాయ మంత్రి. దక్షిణాఫ్రికా గనుల్లో చైనా కూలీలతో చేయించుకుంటున్న పని బానిసత్వమేనా అని సభలో రగడ నడుస్తోంది. ఆ ఒప్పందాన్ని పూర్తి అర్థంలో బానిసత్వం అంటే ‘పారిభాషిక అయథార్థత’ అనే ప్రమాదం ఉందని ఆయన సెలవిచ్చారు. పదం సభకు తెగ నచ్చింది. చర్చిల్ ఆనాడు దాన్ని వాడిన సందర్భం వేరే అయినా, ‘అబద్ధం’ అనడానికి వీల్లేని చోట అదే అబద్ధానికి మారుపేరై స్థిరపడింది. అచ్చమైన మూడక్షరాల మాటను దాచడానికి పొడవాటి సమాసం పుట్టింది.

ఎనభై ఏళ్ల తర్వాత ఆ కార్ఖానా ఇంకో సరుకు తయారుచేసింది. 1986 నవంబరులో సిడ్నీ కోర్టులో ‘స్పైక్యాచర్’ పుస్తకం కేసు విచారణ. బ్రిటిష్ గూఢచారి సంస్థలో పనిచేసి రిటైరైన పీటర్ రైట్ తన ఉద్యోగ రహస్యాలు పుస్తకంగా వేస్తున్నాడని, దాన్ని ఆపాలని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఆస్ట్రేలియా దాకా వెళ్లింది. సాక్షిగా వెళ్లినాయన సామాన్యుడు కాదు, కేబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఎదుటి లాయరు మాల్కం టర్న్‌బుల్, అదే తర్వాత ఆస్ట్రేలియా ప్రధాని అయినాయన. ఒక ఉత్తరం గురించి లాయరు గుచ్చి గుచ్చి అడుగుతుంటే, అందులో ఉన్నది అబద్ధం కాదని, ‘సత్యం విషయంలో పొదుపు పాటించడం’ అని కార్యదర్శిగారు జవాబిచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం కేసు ఓడిపోయింది. పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. సత్యాన్ని పొదుపుగా వాడిన అధికారి 1988లో లార్డ్ అయ్యారు. 1992లో మాట్రిక్స్ చర్చిల్ కంపెనీ కేసులో మాజీ మంత్రి అలన్ క్లార్క్ అదే పొదుపు మాటకు ఒక ఫ్రెంచి ముక్క తగిలించి కోర్టులో వాడారు. దాంతో ఇరాక్‌కు యంత్రాలమ్మిన వ్యాపారులపై ప్రభుత్వం పెట్టిన కేసే కుప్పకూలింది. గమనించాల్సిందేమంటే ఈ రెండు పొదుపులూ బయటపడింది పార్లమెంటులో కాదు, సాక్షిని సూటిగా ప్రశ్నించే వీలున్న కోర్టుల్లో.

ఇక ఈ నియమం అసలు రంగు తేలిన కాలం బోరిస్ జాన్సన్ హయాం.

2021 జులై 22. వేసవి సెలవుల ముందు చర్చ. బ్రెంట్ సెంట్రల్ సభ్యురాలు డాన్ బట్లర్ లేచి, ప్రధాని సభకూ దేశానికీ పదే పదే అబద్ధాలు చెప్పారని అన్నారు. స్పీకర్ స్థానంలో ఉన్న జుడిత్ కమిన్స్ ఆ మాట గురించి మళ్లీ ఆలోచించుకోమన్నారు. అబద్ధమాడినవాళ్లను వదిలేసి అబద్ధాన్ని ఎత్తిచూపినవాళ్లను పట్టుకోవడం వింతగా ఉందన్నది బట్లర్ సమాధానం. ఆ రోజుకు ఆమెను బయటికి పంపేశారు. ఆమె చెప్పింది నిజమా కాదా అన్న ప్రశ్న సభలో ఎవరూ వేయలేదు. వేసే పద్ధతీ లేదు.

తర్వాత లాక్‌డౌన్ విందుల గొడవ వచ్చింది. కరోనా కాలంలో దేశమంతా ఇళ్లలో తలుపులేసుకుని, ఆస్పత్రుల్లో పోయిన అయినవాళ్లను కడసారి చూసుకోలేక ఏడుస్తుంటే, ప్రధాని కార్యాలయం 10 డౌనింగ్ స్ట్రీట్‌లో విందులు జరిగాయన్న కథనాలు 2021 చివర్లో బయటికొచ్చాయి. అక్కడ నిబంధనలన్నీ పూర్తిగా పాటించామని జాన్సన్ డిసెంబరులో సభకు చెప్పారు. 2022 జనవరి 31న, ప్రభుత్వ అధికారి స్యూ గ్రే తొలి నివేదిక బయటికొచ్చిన రోజు, స్కాటిష్ నేషనల్ పార్టీ సభాపక్ష నేత ఇయన్ బ్లాక్‌ఫోర్డ్ లేచి, ప్రధాని సభను తప్పుదోవ పట్టించారన్నారు. స్పీకర్ లిండ్సే హోయిల్‌కు చిక్కొచ్చిపడింది. మాట వెనక్కి తీసుకోవాలి, లేదా ముందు ‘అనుకోకుండా’ అని చేర్చాలి అని ఆయన అడిగారు. అనుకోకుండా తప్పుదోవ పట్టించారంటే సభా మర్యాద నిలబడుతుంది. కావాలనే పట్టించారంటే కూలిపోతుంది. ఒక దేశ ప్రధాని నిజం చెప్పాడా లేదా అన్న సంగతి కూరగాయల బజారులో కిలోకి రెండు రూపాయలు తగ్గించమన్న బేరంలా మారిపోయింది. బ్లాక్‌ఫోర్డ్ బేరానికి దిగలేదు. స్పీకర్ బహిష్కరణ ఉత్తర్వు చదువుతుండగానే లేచి బయటికి నడిచారు.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పుకుంటే చాలు, వ్యంగ్యం కలపనవసరం లేదు. 2022 ఏప్రిల్‌లో పోలీసులు ప్రధానికి జరిమానా వేశారు. 2020 జూన్ 19న, ఆయన పుట్టినరోజున, కేబినెట్ గదిలో జరిగిన వేడుక అందుకు కారణం. విందుల వ్యవహారం మొత్తంమీద 83 మందికి 126 జరిమానాలు పడ్డాయి. సభను తప్పుదోవ పట్టించారా అన్నది తేల్చమని సభ హక్కుల కమిటీకి అప్పగించింది. ఏడుగురి కమిటీలో నలుగురు జాన్సన్ సొంత పార్టీవాళ్లే. ప్రధాని ఉద్దేశపూర్వకంగానే సభను తప్పుదోవ పట్టించారని 2023 జూన్ 15న కమిటీ తేల్చింది. సభ్యుడిగా ఉండుంటే 90 రోజులు సస్పెండ్ చేయమని సిఫార్సు చేసేవాళ్లమంది. అప్పటికి ఆయన సభ్యత్వానికి రాజీనామా చేసి చల్లగా జారుకున్నారు. జూన్ 19న, మళ్లీ ఆయన పుట్టినరోజునే, సభ ఆ నివేదికను 354–7 ఓట్లతో ఆమోదించింది. బ్లాక్‌ఫోర్డ్ ఒక వాక్యంలో చెప్పినందుకు బయటికి నడిచిన మాటను, దాదాపు పదిహేడు నెలల తర్వాత అదే సభ ఓటేసి మరీ నిజమని రాసుకుంది. బట్లర్‌నో బ్లాక్‌ఫోర్డ్‌నో వెనక్కి పిలిచి, ‘అమ్మా, అయ్యా, మీ మాటలో తప్పులేదు’ అనే నిబంధన మాత్రం ఎర్‌స్కిన్ మే పుస్తకంలో లేదు.

పదిహేడు నెలలు ఎక్కువనిపిస్తే, 38 ఏళ్ల కథ ఇంకొకటి ఉంది. బ్లాక్‌ఫోర్డ్ బయటికి నడిచిన తేదీకి సరిగ్గా 50 ఏళ్ల ముందు, 1972 జనవరి 31న, అదే సభలో హోంమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ లేచారు. ముందు రోజు ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద పారాచూట్ దళం కాల్పులు జరిపి 13 మందిని చంపింది. గాయపడ్డ ఇంకొకాయన తర్వాత పోయాడు. తుపాకులతో, బాంబులతో దాడి చేస్తుంటే సైనికులు ఎదురు కాల్పులు జరిపారని హోంమంత్రి సభకు చెప్పారు. సభలో ఒకావిడ ఆ కాల్పులను కళ్లారా చూసింది. మిడ్ అల్‌స్టర్ సభ్యురాలు బెర్నడెట్ డెవ్లిన్, వయసు 24 ఏళ్లు. ఒక ఘటనను కళ్లారా చూసిన సభ్యులకు మాట్లాడే అవకాశమివ్వడం సంప్రదాయమే అయినా, స్పీకర్ సెల్విన్ లాయిడ్ ఆమెకు అవకాశమివ్వలేదు. మంత్రి చెప్పింది అబద్ధమని ఆమె కూర్చున్న చోటునుంచే అరిచింది. తర్వాత నేరుగా నడిచివెళ్లి మాడ్లింగ్ చెంప పగలగొట్టింది.

చెంపదెబ్బను ఎవరూ సమర్థించనక్కర్లేదు. కానీ ఆ రోజు సభలో జరిగినవి రెండు: ఒకటి చెంపదెబ్బ, రెండోది 13 శవాల మీద చెప్పిన తప్పుడు మాట. మర్నాడు పత్రికలు పండగ చేసుకున్నది మొదటిదాంతో. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన విడ్జరీ నివేదిక సైనికులను చాలామటుకు వెనకేసుకొచ్చింది. 1998లో లార్డ్ సేవిల్ నాయకత్వాన మళ్లీ విచారణ మొదలైంది. 2010 జూన్ 15న వచ్చిన నివేదిక, కాల్పుల్లో కూలినవాళ్లెవరూ సైనికుల ప్రాణాలకు ముప్పు కాలేదని చెప్పింది. ఆ కాల్పులకు సమర్థనే లేదని ప్రధాని డేవిడ్ కామెరాన్ అదే కామన్స్ సభలో నిలబడి దేశం తరఫున క్షమాపణ చెప్పారు. 24 ఏళ్ల అమ్మాయిని ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చి ఉంటే సభకు మొదటి రోజే తెలియాల్సిన నిజమది.

మర్యాద ముసుగులో ఇంకో సదుపాయం ఉంది, ‘వ్యక్తిగత ప్రకటన’. సభ్యుడు తన గురించి తాను లేచి చెప్పుకుంటాడు. సభ నిశ్శబ్దంగా వినాలి, ప్రశ్నలు వేయకూడదు, చర్చ ఉండదు. 1963 మార్చి 22న యుద్ధమంత్రి జాన్ ప్రొఫ్యూమో ఈ సదుపాయాన్ని నిండుగా వాడుకున్నారు. క్రిస్టీన్ కీలర్ అనే యువతితో తన పరిచయంలో అనుచితమైనదేమీ లేదన్నారు. సభ విన్నది, మర్యాదగా. జూన్ 5న ఆయనే ఆ ప్రకటన అబద్ధమని ఒప్పుకుని రాజీనామా చేశారు. రెండున్నర నెలలు ‘గౌరవ’ సభ్యుడి మాటను గౌరవించినందుకు సభకు దక్కింది నవ్వులపాలవడం.

నాలుక కొరుక్కోనివాళ్లకు ఏమవుతుందో తెలియాలంటే క్లైవ్ పాంటింగ్‌ను తలచుకోవాలి. 1982 మే 2న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా యుద్ధనౌక ‘జనరల్ బెల్‌గ్రానో’ను బ్రిటిష్ జలాంతర్గామి ముంచేసింది. 323 మంది చనిపోయారు. ఆ నౌక బ్రిటిష్ దళాల వైపు వస్తోందని మొదట చెప్పారు. అది దూరంగా వెళ్తోందన్నది తర్వాత తేలింది. స్కాట్లండ్ సభ్యుడు టామ్ డాల్యెల్ ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న పట్టుకుని వేలాడారు. థాచర్‌ను అబద్ధాలకోరన్నందుకు సభనుంచి సస్పెండయ్యారు కూడా. రక్షణశాఖలో ఆ ప్రశ్నలకు జవాబులు తయారుచేసే అధికారే పాంటింగ్. మంత్రులు పార్లమెంటును తప్పుదోవ పట్టించబోతున్నారని కళ్లముందు కనిపించాక, 1984లో రెండు పత్రాలు కవర్లో పెట్టి డాల్యెల్‌కు పంపేశారు. అధికార రహస్యాల చట్టం కింద ఆయన మీద కేసు పెట్టారు. ప్రజాప్రయోజనం అంటే ఆనాటి ప్రభుత్వం ఏది చెబితే అదేనని జడ్జి జ్యూరీకి వివరించారు. జ్యూరీలో కూర్చున్న మామూలు మనుషులు 1985 ఫిబ్రవరిలో పాంటింగ్ నిర్దోషి అని తేల్చి ఇంటికి పంపారు. ప్రభుత్వం ఆ తీర్పునుంచి పాఠం నేర్చుకుని 1989లో కొత్త చట్టం తెచ్చింది. ఈసారి ప్రజాప్రయోజనం అనే వాదనకు అందులో చోటు లేకుండా జాగ్రత్తపడింది.

ఈ నియమాన్ని వెనకేసుకొచ్చేవాళ్ల వాదన కూడా వినాలి. వాళ్లది తీసిపారేయాల్సిన వాదనేమీ కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మనవాళ్లూ అన్నారు. ప్రతివాడూ ఎదుటివాణ్ణి దొంగ, అబద్ధాలకోరు అంటూ పోతే బడ్జెట్ లెక్కలు చర్చించేదెప్పుడు? పైగా ఆరోపణకు దారి మూసేయలేదు. ప్రత్యేక తీర్మానం పెట్టి, ఫలానా సభ్యుడు సభను మోసగించాడని చర్చించవచ్చు. జాన్సన్ దొరికింది ఆ దారిలోనే కదా అంటారు.

దొరికాడు, నిజమే. ఎప్పుడు దొరికాడు? సొంత పార్టీవాళ్లే విసిగిపోయాక. సభ అజెండా మామూలుగా ప్రభుత్వం చేతిలో ఉంటుంది. తీర్మానం గెలవాలంటే మెజారిటీ కావాలి. మెజారిటీ ఎవరిదో వాళ్ల నాయకుడి మీదే ఆరోపణ. పోనీ మంత్రుల ప్రవర్తనా నియమావళి ఉందంటారు. తెలిసి తెలిసి పార్లమెంటును తప్పుదోవ పట్టించిన మంత్రి రాజీనామా ఇవ్వజూపాలని అందులో ఉంది. ఎవరికి ఇవ్వాలి? ప్రధానికి. తప్పుదోవ పట్టించింది ప్రధానే అయితే, తన రాజీనామాను తానే తనకు సమర్పించుకుని, సావకాశంగా పరిశీలించుకోవాలి.

సభ నోరు అదుపులో ఉందా అంటే అదీ లేదు. బుధవారం ప్రధాని ప్రశ్నోత్తరాలు చూసినవాళ్లకు తెలుసు, ఆ కేకలు, ఆ ఈలలు, ఆ వెక్కిరింతలు సంతలో కూడా వినపడవు. గోల చేయడానికి అభ్యంతరం లేదు, అర్థమున్న ఒక్క మాట అనకూడదంతే. బోల్సోవర్ నియోజకవర్గానికి 1970 నుంచి 2019 దాకా ప్రాతినిధ్యం వహించిన మాజీ గని కార్మికుడు డెన్నిస్ స్కిన్నర్ ఈ తమాషాను అందరికంటే బాగా ఆడుకున్నారు. 1984లో సాటి సభ్యుడు డేవిడ్ ఓవెన్‌ను ‘డాబుసరి వెధవ’ అన్నారాయన. ఉపసంహరించుకోమంటే ‘డాబుసరి’ని మాత్రం వెనక్కి తీసుకుంటానన్నారు. 2016 ఏప్రిల్‌లో పనామా పత్రాల గొడవలో కామెరాన్‌ను ‘డాడ్జీ డేవ్’ అన్నారు, అంటే మన వాడుకలో ‘గోల్‌మాల్ డేవ్’. స్పీకర్ జాన్ బెర్కో వెనక్కి తీసుకోమంటే, అదే మాట రెండోసారి అని బయటికి వెళ్లిపోయారు. పన్నుల్లేని ద్వీపాల్లో సొమ్ము దాచుకున్నవాళ్ల గురించి చర్చ జరుగుతున్న రోజున సభనుంచి బయటికి వెళ్లింది మాత్రం గని కార్మికుడు.

ఇంకో వింత ఉంది. 1689 హక్కుల చట్టం పుణ్యమా అని పార్లమెంటులో అన్న మాటకు కోర్టులో కేసు వేయడం కుదరదు. ఆ రక్షణను అడ్డుపెట్టుకుని బయటివాళ్ల గురించి ఏమైనా అనవచ్చు. 2018 అక్టోబరులో ప్రభువుల సభలో పీటర్ హేన్ లేచి, ఏ వ్యాపారి పేరు రాయొద్దని కోర్టు ఒక పత్రికను ఆపిందో ఆ ఫిలిప్ గ్రీన్ పేరు చెప్పేశారు. తన మీది ఆరోపణలను గ్రీన్ ఖండించారు. అయినా పరువునష్టం దావా వేయడానికి దారిలేదు. అంటే జవాబు చెప్పడానికి ఆ సభలో చోటే లేని బయటి పౌరుడిని అనొచ్చు. ఎదురు బెంచీలో కూర్చుని, వెంటనే లేచి జవాబు చెప్పగలిగిన మంత్రిని అనకూడదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువన్న సామెతను ఇంత పకడ్బందీగా నిబంధనల పుస్తకంలోకి ఎక్కించినవాళ్లు మరెవరూ లేరు.

ఈ ముచ్చట అక్కడితో ఆగితే తెలుగు పాఠకులకు కాలక్షేపం మాత్రమే అయ్యేది. కానీ మన రాజ్యాంగం చట్టసభల హక్కులను రాసుకునేటప్పుడు, అవి హౌస్ ఆఫ్ కామన్స్‌కు ఉన్నట్టే ఉంటాయని 105, 194 అధికరణాల్లో పేరుపెట్టి మరీ చేర్చుకుంది. 1978లో 44వ సవరణ ఆ సభ పేరు తీసేసింది కానీ, హక్కులు అలాగే మిగిలాయి. వాటి బరువెంతో తెలియాలంటే ‘సెర్చ్‌లైట్’ కేసు చూడాలి. 1957లో బిహార్ అసెంబ్లీలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగంలో కొన్ని భాగాలను స్పీకర్ రికార్డుల నుంచి తొలగించారు. పట్నా పత్రిక ‘సెర్చ్‌లైట్’ ఆ ప్రసంగాన్ని తొలగించిన భాగాలతో సహా అచ్చేసింది. హక్కుల ఉల్లంఘన నోటీసు వచ్చింది. 1958లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు సభ పక్షానే వచ్చింది. తీర్పులో కలవని ఒకే ఒక్కరు మన రాజమండ్రి వైపు మనిషి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్లిన జస్టిస్ కోకా సుబ్బారావు. పౌరుడి భావప్రకటన స్వేచ్ఛ ముందు సభ హక్కులు తగ్గాల్సిందేనని ఆయన విడిగా తీర్పు రాశారు. నలుగురు ఒకవైపు, ఆయనొక్కరు ఒకవైపు.

లోక్‌సభ నియమాల్లో 380వది ప్రకారం అమర్యాదకరమైన, పార్లమెంటుకు తగని మాటలను స్పీకర్ తొలగించవచ్చు. అలా తొలగించిన మాటలను పోగేసి లోక్‌సభ సచివాలయం వందల పేజీల పుస్తకమే వేసింది. 2022 జులైలో వచ్చిన చిట్టాలో ‘జుమ్లాజీవి’, ‘బాల్‌బుద్ధి’, ‘కోవిడ్ స్ప్రెడర్’, ‘మొసలి కన్నీరు’, ‘డ్రామా’, ‘అవినీతి’, ‘సిగ్గుచేటు’ లాంటివి ఉన్నాయి. ‘అసత్యం’ కూడా ఉంది. రగడ రేగాక స్పీకర్ ఓం బిర్లా ఏ మాటా నిషేధించలేదని, గతంలో తొలగించినవాటి సంకలనం మాత్రమేనని వివరించారు. ఆ మాటా నిజమే. కామన్స్‌లోనూ నిషేధిత పదాల అధికారిక జాబితా ఏదీ లేదు, స్పీకర్ చెవికి తగిలినప్పుడే అది తప్పవుతుంది. రాతలో ఉన్న నిషేధాన్నయినా రద్దు చేయమని అడగొచ్చు, చెవిని రద్దు చేయమని ఎవరినడగాలి? ఈ చిట్టాల మహిమకు నాసిక్ మాజీ ఎంపీ హేమంత్ గోడ్సే సాక్షి. గాంధీజీ హంతకుడి కారణంగా ‘గోడ్సే’ అన్న మాటే పార్లమెంటుకు తగనిదని ఏనాడో తీర్మానించారు. 2014లో గెలిచి ఢిల్లీ వెళ్లిన ఈయన, తన ఇంటిపేరే సభలో పలకకూడని మాటని తెలుసుకుని స్పీకర్‌కు మొరపెట్టుకున్నారు. 2015లో ఆ ఇంటిపేరుకు విముక్తి దొరికింది.

హైదరాబాద్‌లో అయినా అమరావతిలో అయినా ‘ఆ వ్యాఖ్యలను రికార్డుల నుంచి తొలగిస్తున్నాం’ అన్న వాక్యం ప్రతి సమావేశంలో వినిపించేదే. తిట్లను తొలగిస్తే ఎవరికీ పేచీ లేదు. ఆడవాళ్లను, కులాన్ని, వైకల్యాన్ని ఎత్తి అనే మాటలు సభలో ఉండకూడదు, బయటా ఉండకూడదు. చిక్కల్లా తిట్టునూ ఆరోపణనూ ఒకే గాట కట్టేయడంతోనే వస్తోంది. ‘పంది’ అన్నది తిట్టు. ‘మంత్రి చెప్పిన లెక్క అబద్ధం’ అన్నది నిజమో కాదో తేల్చగలిగిన ఆరోపణ. మొదటిదాన్ని తొలగిస్తే సభ శుభ్రపడుతుంది. రెండోదాన్ని తొలగిస్తే మంత్రి పని సులువవుతుంది. లైవ్ ప్రసారంలో ఇంటింటా విన్న మాటను, యూట్యూబ్‌లో లక్షల ఫోన్లకు చేరిపోయిన మాటను కాగితం మీంచి కొట్టేయడంలో ఇంకో ప్రయోజనం కనిపించదు.

దీనికి మందు లేకపోలేదు. మంత్రి మాట అబద్ధమని సభ్యుడు లిఖితపూర్వకంగా ఆధారాలు చూపిస్తే, ఇన్ని రోజుల్లోగా సభలోనే జవాబు చెప్పాలని నియమం పెట్టవచ్చు. ఆరోపణ తేలిపోతే సభ్యుడు క్షమాపణ చెప్పాలి, నిలబడితే మంత్రి చెప్పాలి. వేల్స్ ఇంకాస్త ముందుకెళ్లింది. కావాలని జనాన్ని మోసపుచ్చిన రాజకీయ నాయకులపై అనర్హత వేటు వేసేలా చట్టం తెస్తామని అక్కడి ప్రభుత్వం 2024 జులైలో మాటిచ్చింది. అది ఆచరణలో ఎలా ఉంటుందన్నది పక్కన పెడితే, శిక్ష పడాల్సింది అబద్ధమాడినవాడికని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న సంగతేమీ కాదు.

అందుకే వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఏ సభ్యుడి వ్యాఖ్యలనో రికార్డుల నుంచి తొలగించారని వార్త వస్తే, తెలుగు ఓటరు చేయగలిగింది ఒకటుంది. ఆ వ్యాఖ్య ఎంత ఘాటుగా ఉందన్న చర్చ టీవీవాళ్లకు వదిలేసి, అది ఏ ప్రశ్న మీద వచ్చిందో, ఆ ప్రశ్నకు మంత్రి జవాబిచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే ఈసారి ఊళ్లోకి వచ్చినప్పుడు మీ ఎమ్మెల్యేని అదే ప్రశ్న అడగండి. మీ వీధిలో 380వ నియమం వర్తించదు.